గట్టు జరిపిన తొమెజి

నాకు మనుషుల్ని నమ్మే అలవాటు లేదు. పుట్టుకతో వచ్చిన గుణం. గుడ్డు కొన్నా వెలుతురుకు పట్టి చూస్తాను. ఎవరైనా ఊరికే ముల్లంగి ఇచ్చి వెళితే, దాని వెనక ఏ పని ఉందో తేలేదాకా వండను. అలాంటి నేను యాభై ఏళ్లకు పైగా ఒక మనిషికి కాపలా కాశాను. ఆయన పేరు తొమెజి. మా పక్క పొలం ఆయనది. ఆయన సంగతులు నాకు తెలిసినంతగా కట్టుకున్నదానికి కూడా తెలియవని గర్వపడేదాన్ని. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా కొండ ఊరు మినోకురాలో అందరిదీ ఒకటే ఇంటిపేరు. అందుకని మనుషుల్ని ఇళ్లతో గుర్తుపడతాం. మాది పై ఇల్లు, తొమెజివాళ్లది ఊట ఇల్లు. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా ఊరికి నేను పై ఇంటి కోడలినే. నా పేరు ఫుసానో అని ఉత్తరాలు ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

నేను కాపురానికి వచ్చిన నాడు ఇక్కడ ముప్పై ఒక్క ఇళ్లు. ఇప్పుడు తొమ్మిది. కొండవాలు నిండా మెట్లుమెట్లుగా వరిమళ్లు, కింద వాగు, ఏడాదిలో నాలుగు నెలలు మంచు. మూడు వందల ఏళ్ల కిందట కనుమ అవతల పన్నులు కట్టలేక పారిపోయి వచ్చినవాళ్లు ఈ వాలు చూసి ఆగిపోయారని, మెత్తటి నేలా ఎక్కడ తవ్వితే అక్కడ నీళ్లూ ఉన్నాయని మురిసిపోయారని బడి పంతులొకాయన రాసిన ఊరి చరిత్రలో ఉంది. అంత మంచి నేలను వాళ్లకంటే ముందు వచ్చినవాళ్లు ఎందుకు వదిలేశారన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. వాళ్లలో నాలాంటిది ఒక్కతి ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఊరి దేవుడి గుడి వాలు పక్కన రాతిగుట్ట మీద ఉంది. కింద మెట్ల ముందు కొయ్య ద్వారం. ఎక్కడైనా ద్వారంలో నిలబడితే ఎదురుగా గుడి కనబడాలి. మా ద్వారంలో నిలబడితే గుడి పక్కనున్న దేవదారు చెట్టు కనబడుతుంది. "మన దేవుడు పక్కచూపుల దేవుడు. దొంగల్ని పట్టాలంటే అలాగే చూడాలి" అని పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఆ దేవుడు మొదటిరోజే నచ్చాడు.

ఊట ఇంట్లో మగపిల్లలు లేరు. కినువె ఒక్కతే కూతురు. ఆవిడకు కనుమ అవతల నుంచి ఇల్లరికపు అల్లుణ్ణి తెస్తున్నారని నా పెళ్లయిన ఏడు కబురు పొక్కింది. ఆ వారంలోనే మా మామగారు కొత్త జనపతాడు ఒకటి పేనారు. మా పొలానికి ఒక కొస రాతిగుట్ట. అక్కడ పసిపిల్లల్ని కాచే జిజో రాతిబొమ్మ ఉంటుంది. రెండో కొస ఊట ఇంటివాళ్ల గట్టు. ఆ గట్టు మీద హద్దుకు నాటిన ఉత్సుగి పొద. మా వైపు ఎక్కడైనా హద్దుకు ఉత్సుగే నాటుతారు. ఎంత నరికినా చావదు, దిగినచోటు వదలదు. మామగారు జిజో మెడకు తాడు కట్టి పొద మొదలుదాకా లాగి, సరిగ్గా అక్కడ ముడి వేశారు.

"పరాయి ఊరివాడు వస్తున్నాడు కోడలా. మన దగ్గర ముడి ఒకటి ఉండటం మంచిది" అన్నారు.

ఆయనా నేనూ ఒకే తానులో ముక్కలమని అప్పుడే అర్థమైంది.

తొమెజి వచ్చాడు. పొట్టి మనిషి, మెడ కనబడదు, చేతులు మాత్రం మోకాళ్లదాకా. ఎవరు పలకరించినా ముందు నేలకేసి చూసి తర్వాత జవాబు చెప్పేవాడు. చలికాలం మా ఊరి మగవాళ్లంతా కూలికి పట్నాలు పోతారు. ఆయన సొరంగాలు తవ్వే పనికి పోయేవాడు. నేలకేసి చూసేవాడు, నేల తవ్వేవాడు. ఇంకేం కావాలి నాకు? ఆ రోజు నుంచి ఒక కన్ను ఆయన మీదే.

మంచు కరగగానే మామగారు ఏటా తాడు లాగేవారు. మొదటి ఏడు ముడి పొదను దాటి వేలెడు అవతలకు పోయింది. మరుసటి ఏడు జానెడు. పొద మావైపు వస్తోంది, మా మడి సన్నబడుతోంది. సన్నబడటమే కాదు, మడి మధ్యలో ఏటా ఒక గడ్డ లేచేది. నాట్ల ముందు దాన్ని చదును చెయ్యలేక మా ఆయన ఇసాకు నడుం పడిపోయేది. నేల ఎలుకల పని అనుకునేవాళ్లం.

ఇక నా కాపలా. చలికాలం చివర్లో పొద్దున్నపూట మంచు గట్టిపడి, కాలు దిగకుండా పొలాల మీద నడవచ్చు. కూలి నుంచి తిరిగి వచ్చీ రాగానే తొమెజి ఆ వేళప్పుడు గట్టు మీద తిరిగేవాడు. ఆకులు రాలే రోజుల్లో తను నాటిన వెదురు పుల్లల దగ్గర వంగి, జానలు పెట్టి, చంకలో నుంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకునేవాడు. తర్వాత బుట్టలకొద్దీ బంకమట్టి పొలం పై కొసకు మోసేవాడు. కినువె కూడా మోసేది. ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తి చూసేవాడు కాదు. అదే నాకు మరీ అనుమానం. తప్పు చెయ్యనివాడు ఒక్కసారైనా చుట్టూ చూస్తాడు కదా! చూసి ఉంటే, దొంగచూపులు చూస్తున్నాడని అనేదాన్ననుకోండి.

"నీకు వేరే పని లేదా? పోతే గీతే మూరెడు నేల. పోనియ్యరాదూ" అనేవాడు మా ఆయన.

"ఇవాళ మూరెడు. రేపు మన వంటింట్లోకి వస్తుంది ఆ పొద. అప్పుడు నీళ్లు పోద్దువుగాని దానికి" అనేదాన్ని.

పద్నాలుగేళ్లు గడిచేసరికి తాడు ముడి పొదకు ఒక బార పైన అవతల పడింది. ఆ ఏడు కోతలయ్యాక మామగారు పంచాయితీ పెట్టించారు.

అందరం కూడే మా ఊరి కొట్టంలో, నిప్పుల గుంట పైన గోడకు, ఇంటికొకటి చొప్పున పేరు రాసిన చెక్కలు వేలాడతాయి. నాట్లకీ, కోతలకీ, కప్పుల మీద మంచు తొయ్యడానికీ ఒకరికొకరు బదులు పని చేసుకుంటాం. చెక్క ఉన్న ఇంటికే బదులు. ఆ రోజు మగవాళ్లంతా గుంట చుట్టూ కూర్చున్నారు. నేను టీ పోస్తున్నాను.

"ఏమోయ్ ఊట ఇంటి అల్లుడూ, ఆ పొదను ఎన్నిసార్లు జరిపావు?" మామగారు తాడు ముందు పడేశారు.

తొమెజి నేలకేసి చూశాడు. "నేను జరపలేదండీ."

"మరి దానికి కాళ్లొచ్చాయా?"

"పొదకు కాదండీ. కొండకు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కొట్టం ఎగిరిపోయేలా నవ్వారు.

"కొండ నడుస్తోందంట్రోయ్! ఎప్పటికి సముద్రం చేరతామో కాస్త లెక్కేసి చెప్పు. చేపలకి సంతదాకా పోయే బాధ తప్పుతుంది."

"సొరంగాల్లో ఉండి ఉండి బుర్ర అదిరినట్టుంది పాపం."

వాళ్ల నవ్వు ఆగేదాకా తొమెజి ఆగాడు. "మీ మడిలో గడ్డ ఎలుకలది కాదు పెద్దాయనా. మా వైపు నేల మొత్తం మీ మడిని రాతిగుట్టకేసి నొక్కుతోంది. గుట్ట కదలదు. అందుకని మధ్యలో నేల పైకి లేస్తోంది. మా పై కొసన పగుళ్లు విచ్చుకుంటున్నాయి. నీళ్లు దిగకుండా నేనూ మా ఆవిడా మట్టి కూరుతున్నాం. సొరంగం మేస్త్రీ ఒకాయన చూపించాడు. పుల్లలు వరసగా నాటి చూస్తే ఎటు పోతోందో తెలుస్తుందని. ఎవరైనా వచ్చి చూడండి. రేపే రండి."

అన్ని మాటలు ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. మామగారు తడబడటం నేను కళ్లారా చూశాను. అప్పుడు, టీ కెటిల్ చేత్తో పట్టుకుని, అడగకుండానే నేను నోరు తెరిచాను.

"మంచు మీద పొద్దు పొడవకముందే వెళ్లి కొలుచుకుంటాడు. ఏటా చూస్తున్నాను. జరపనివాడికి కొలుచుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందట?"

అంతే. గుమ్మడికాయల దొంగ దొరికాడు. మర్నాడు చూడ్డానికి ఎవరూ పోలేదు. మామగారు అక్కడికక్కడే లేచి ఊట ఇంటి చెక్కను పేరు గోడవైపు ఉండేలా తిప్పేశారు. తొమెజి ఆ చెక్కకేసి కాసేపు చూసి, అందరికీ వంగి దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఊరికి ఆ రోజు నుంచి ఆయన గట్టు జరిపిన తొమెజి.

గెలిచానని ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? మళ్లీ జరిపితే సాక్ష్యం ఉండాలి కదా. మంచు పడకముందు, అంచు విరిగిన నీలం చేప బొమ్మ గిన్నె ఒకటి తీసుకెళ్లి, సరిగ్గా ఆ పొద మొదట్లో మోచేతి లోతున పాతిపెట్టాను. పొదను పెరికి జరిపితే గిన్నె పాత చోటనే ఉండిపోతుంది. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ చలికాలం తొమెజి సొరంగం పనిలో ఉండగా మంచు విరగబడింది. ఊట ఇంటి కప్పు మీద మనిషెత్తు పేరుకుంది. చెక్క తిరగేసిన ఇంటికి ఎవరూ పోలేదు. కినువె ఒక్కతే పార పట్టుకుని కప్పు ఎక్కడం మా వంటింటి కిటికీలోంచి చూశాను. ఎంత సేపు తోస్తుందో చూద్దాం అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. మంచుతో సహా జారిపడింది. తుంటి విరిగింది. పడ్డాక అందరం పరిగెత్తాం, మోసుకెళ్లాం, డాక్టర్ని పిలిపించాం. ఆవిడ కాలు ఇక సరికాలేదు. తొమెజి తిరిగివచ్చి, మోసుకెళ్లినందుకు ఇంటింటికీ వచ్చి కృతజ్ఞత చెప్పాడు. మా గుమ్మంలో నిలబడి నాకూ చెప్పాడు. ఆ మర్యాద వెనక ఏముందో అని రెండు నెలలు ఆలోచించాను.

పదకొండేళ్లు పోయాయి. మామగారు పోయారు. తాడు నా చేతికి వచ్చింది. ఒక వసంతంలో లాగితే పొద ఇంకో బారెడు మావైపు వచ్చి ఉంది. 'దొరికావురా' అనుకుని, ఎవరూ లేని పూట చూసి గునపం తీసుకుని వెళ్లాను. గిన్నె ఉండాల్సిన పాత చోటు కొలుచుకుని తవ్వాను. మట్టి తప్ప ఏమీ లేదు. లేచి వెళ్లి పొద మొదట్లో తవ్వాను.

గిన్నె అక్కడ ఉంది.

వీడు గిన్నెను కూడా కనిపెట్టి జరిపాడు, ఎంత గుండెలు తీసిన బంటు! నా మొదటి ఆలోచన అదే. గిన్నెను పైకి లాగబోయాను. రాలేదు. వేళ్లతో మట్టి తుడిచి చూస్తే, నా చిటికెన వేలంత ఉత్సుగి వేరు విరిగిన అంచు మీదుగా లోపలికి దిగి, గిన్నె నిండా చుట్టలు తిరిగి, అవతల నుంచి బయటికి పోయింది. పదకొండేళ్ల వేరు. దాన్ని ఏ మనిషీ జరపలేదు. పొదా గిన్నే మట్టీ కలిసే వచ్చాయి.

నాకు తెలిసిపోయింది. ఏళ్లు పట్టలేదు, ఆ గోతి ముందు కూర్చున్న కాసేపట్లోనే అంతా తెలిసిపోయింది. మడిలో గడ్డ, పై కొసన పగుళ్లు, మట్టి బుట్టలు, పుల్లలు, పక్కచూపుల దేవుడు. తెలిశాక ఏం చేశాను? మట్టి కప్పేశాను. ఆయన దొంగ కాదని ఒప్పుకుంటే, మామగారి మాట అబద్ధమవుతుంది, నేను టీ కెటిల్ పట్టుకుని అన్న మాట పాపమవుతుంది, కినువె కుంటికాలు నాది అవుతుంది. దొంగగా ఉన్న తొమెజే నాకు తేలిక. పైగా ఎవరూ చూడలేదు కదా అనుకున్నాను.

ఆ తర్వాత కాలం గడిచింది. పిల్లలు పట్నాలకు పోయారు, ముసలివాళ్లు పోయారు, మా ఆయన పోయాడు. ఊళ్లో మనుషులు తగ్గాక తొమెజితో అందరూ మళ్లీ మాట్లాడారు. చెక్కను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నేను వాకిలి ఊడుస్తుంటే ఆయన "చలి తగ్గిందండీ" అనేవాడు, "తగ్గిందండీ" అనేదాన్ని. అంతకు మించి మాట్లాడితే గిన్నె సంగతి నోరు జారుతుందేమోనని భయం. ఎనభై దాటాక ఒక శీతాకాలం నిద్రలోనే పోయాడు. శవం పని దగ్గర అందరితో పాటు నేనూ కూరలు తరిగాను.

మరో రెండేళ్లకు మండలాఫీసు నుంచి పొలాల హద్దులు కొలవడానికి షిరతొరి అని ఒక పడుచువాడు వచ్చాడు. రెండు పొలాలవాళ్లూ పక్కపక్కన నిలబడి, హద్దు ఇదీ అని చెప్పి ముద్ర వెయ్యాలి. కినువె చేతికర్రతో వచ్చి నిలబడింది.

"ఎక్కడండీ మేకు కొట్టేది?" అన్నాడు షిరతొరి.

"పై ఇంటి కోడలు ఎక్కడంటే అక్కడే బాబూ. మా ఆయన చెప్పి పోయాడు" అంది కినువె.

"పొద దగ్గరే" అన్నాను, ఎటో చూస్తూ.

మరుసటి వసంతం షిరతొరివాళ్లు సరిచూసుకోవడానికి వచ్చి నాలుగు రోజులు తిరిగారు. యంత్రం మార్చారు. ఇంకో మనిషిని తెచ్చుకున్నారు. ఏదో దాస్తున్నారని నాకు మొదటిరోజే తెలుసు. అయిదో రోజు అందరినీ కొట్టానికి పిలిచారు. తొమ్మిది ఇళ్లకు పదకొండు మందిమి వెళ్లాం.

షిరతొరి నుదురు తుడుచుకున్నాడు. "ఎలా చెప్పాలో తెలియట్లేదు. మీ ఊరి వాలు మొత్తం కిందకి జరుగుతోందండీ. ఏడాదికి జానెడు దాకా. రాతిగుట్ట, దాని మీద గుడి, జిజో, ఇవి కదలడం లేదు. గుడి ద్వారం కదిలిపోయింది. ఒకప్పుడు గుడికి ఎదురుగానే ఉండేది. నేల లోపల నీళ్లు బయటికి పోయేలా గొట్టాలు దించాలి. ఇదివరకు ఎవరూ గమనించలేదా?"

కినువె ఒడిలో గుడ్డమూట విప్పి చిన్న పుస్తకాలు తీసింది. పన్నెండో పదమూడో ఉన్నాయి. షిరతొరి ఒకటి తెరిచి, ఇంకోటి తెరిచి, మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"అమ్మా, ఇవి ఎవరు కొలిచారు? దాదాపు యాభై ఏళ్లవి ఉన్నాయి. గొట్టాలు ఎక్కడ దించాలో ఇందులోనే ఉంది."

"మా ఆయన. గట్టు జరిపిన తొమెజి" అంది కినువె, ఇంటి అడ్రసు చెప్పినంత మామూలుగా.

నేను లేచాను. అందరూ చూస్తుండగా స్టూలు జరుపుకుని, దాని మీద ఎక్కి, మామగారు తిప్పిన చెక్కను తిప్పాను. మా ఇంటి చెక్కతో సహా మిగతావన్నీ నిప్పుల గుంట పొగకు నల్లబడి, ఎవరి పేరూ చదవడానికి రాకుండా ఉన్నాయి. ఊట ఇంటి చెక్క ఒక్కటే నిన్న చిత్రిక పట్టినట్టు తెల్లగా ఉంది. దాని మీద పేరు దూరం నుంచి కూడా చదవచ్చు.

అందరూ వెళ్లాక కినువె దగ్గర కూర్చున్నాను. "వదినా, మీకు ఒక గిన్నె సంగతి చెప్పాలి" అన్నాను.

"నీలం చేప బొమ్మదేనా?"

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నువ్వు పాతిన ఏడే కలుపు తీస్తుంటే ఆయన చేతికి తగిలింది. తియ్యలేదు. మట్టి కప్పేశాడు. 'పై ఇంటి కోడలు సాక్షిని పెట్టుకుందే, గట్టి మనిషి. ఉండనీ. ఎప్పుడో తవ్వుకుంటుంది, అప్పుడు తెలుస్తుంది' అన్నాడు."

"తవ్వాను వదినా."

"తెలుసు. మా పై మడిలోంచి చూశాడుగా. ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరిగెత్తడం జన్మలో అదొక్కసారే చూశాను. 'సాకే సారా వేడి చెయ్యవే, సాయంత్రం పై ఇంటివాళ్లు వస్తారు' అన్నాడు. చాపలు దులిపాడు, మంచి గిన్నెలు దించాడు." కినువె పుస్తకాలు మళ్లీ మూట కట్టింది. "వారం రోజులు వేడి చేశాను. ఎనిమిదో రోజు తనే వద్దన్నాడు. 'నాట్ల రోజులు కదా, పాపం వాళ్లకి తీరిక దొరకలేదేమో' అన్నాడు."

నేను ఏడ్చాను. ఆయన పోయిన నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. జీవితమంతా ఆయన్ని అనుమానించాను. నన్ను అనుమానించడానికి అంత కారణం దొరికినా, ఆయనకు చేతకాలేదు.